బాలేష్ దొబ్బిన బండి

బుధవారం బోర్డుకు పోయేలోపల చెయ్యాల్సిన పనులు ఇవి.

బాలేష్ కాలేజీ నుంచి బోనఫైడ్ తేవాలె. అందరి ఆధార్లు జిరాక్స్ తీయించాలె, అవ్వది కూడా, ఎందుకంటే అవ్వ రాకుండా ఉండదు. బాలేష్ చెవుల పైన మంగలి గీసిన గీతలు కనపడకుండా మళ్లీ కటింగ్ చేయించాలె. దేవేందరన్న కంపెనీల లీవు పెట్టాలె. పెడతనని చెప్పుడు కాదు, పెట్టాలె. లోపలికి పోంగనే ఎవరి కాళ్లూ మొక్కొద్దని అవ్వకు చెప్పాలె. పోరని జేబుల నిమ్మకాయ పెట్టొద్దని కూడా చెప్పాలె. పొద్దుగాల తినిపోవాలె, అక్కడ ఎప్పుడు పిలుస్తరో తెల్వదు. 'తప్పైంది సార్' అనే మాట ఇంటిల్లిపాదీ మర్చిపోవాలె. బాలేష్ నోట్లోంచి మోటు మాటలు తీసెయ్యాలె.

ఈ ఆఖరి పనినే స్రవంతి అన్నిటికన్నా శ్రద్ధగా చేసింది. కొంప మునగబోయింది కూడా దానితోనే.

స్రవంతిది శామీర్‌పేట. నాయిన కుర్మయ్య గొర్లు కాస్తాడు. ఆ ఇంట్లో డిగ్రీ దాకా పోయిన మొదటి మనిషి ఆమే. పట్టా ఫ్రేం కట్టించి గోడకు తగిలిస్తే, కుర్మయ్య దానికి కూడా శుక్రవారం శుక్రవారం ఊదుబత్తి తిప్పుతాడు. మేడ్చల్‌లో ఒక చిన్న సంస్థలో ఆమె ఉద్యోగం. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల మీద కేసయితే, ఆ పిల్లలు జువెనైల్ బోర్డు ముందుకు పోయే ముందు వాళ్ల ఇండ్లకు పోయి, అక్కడ ఏం జరుగుతుందో, ఎట్లా కూర్చోవాలో, ఎట్లా మాట్లాడాలో తల్లిదండ్రులకు చెప్పి తయారు చేయడం ఆమె పని. వాదించడం లాయరు పని. భయం తీయడం స్రవంతి పని.

భయం తీయడం అనుకున్నంత తేలిక కాదు. జనానికి తెలిసిన కోర్టంతా సినిమాల్లోదే. రావల్కోల్‌లో బాలేష్ నాయిన దేవేందర్ ఇంటికి మొదటిసారి పోయినరోజు బాలేష్ అవ్వ సాలమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "బోనుల నిలవెడ్తరా బిడ్డా?" అని.

"బోను ఉండదవ్వా. బల్ల చుట్టూ కుర్చీలేసుకొని కూసుంటరు. పోలీసోల్లు కూడా మామూలు బట్టల్లనే వస్తరు."

"జడ్జి సుత్తె కొడ్తడా?"

"సుత్తె ఉండదు. ఆడమనిషి ఆమె. పక్కన ఇంకిద్దరు మెంబర్లుంటరు. మెల్లగ అడుగుతరు."

సాలమ్మకు ఇది నచ్చలేదు. "సుత్తె లేకుంటె మందిని ఎట్ల సుప్ జేస్తరు? గట్లాంటి కోర్టు ఏం కోర్టు?"

"నీ మనుమడి కోసమే అట్ల పెట్టిండ్రు. పిల్లలను దొంగ అనొద్దు, ముద్దాయి అనొద్దు. చట్టంతో ఘర్షణ పడిన బాలుడు అనాలె."

"మావోడు ఎవ్వనితోని ఘర్షణ పడలే. గా చట్టం అనేటోడు ఎవ్వడో నేనైతె సూడనే లేదు," అంది సాలమ్మ. అటు తిరిగి ముసిముసిగా నవ్వింది కూడా. ఆమెకు తెలియకపోవడం వేరు, తెలియనట్టు నటించడం వేరు. ఏది ఎప్పుడో స్రవంతికి చివరిదాకా అంతు చిక్కలేదు.

ఇక కేసు సంగతి.

బాలేష్ ఇంటర్ మొదటి సంవత్సరం. శామీర్‌పేట పక్కన ఉన్న ఒక పెట్రోలు బంకు దగ్గర, వాని చేతిలో వానిది కాని స్కూటర్ దొరికింది. స్కూటర్ యజమాని పట్టాభిరామయ్య. తణుకు వైపు నుంచి వచ్చి కొత్త కాలనీలో కొడుకు దగ్గర ఉంటున్న రిటైరైన బ్యాంకు ఉద్యోగి. కూరగాయల బండి దగ్గర స్కూటర్ ఆపి, తాళంచెవి దానికే వదిలి, బెండకాయలు విరిచి చూసుకుంటూ ఉండగా స్కూటర్ మాయమైంది. ఆటో ఎక్కి వెతుక్కుంటూ పోతే బంకులో కనబడింది. పిల్లవాణ్ని అడిగితే తానే తీశానని అందరి ముందరా ఒప్పుకున్నాడని ఫిర్యాదులో రాయించాడు.

బాలేష్ చెప్పేది వేరు. కాలేజీ నుంచి నడిచి వస్తుంటే ఒకాయన ఆగిపోయిన స్కూటర్ పట్టుకుని చెమటలు కారుస్తూ నిలబడ్డాడట. పెట్రోలు అయిపోయింది, జర సాయం పట్టు తమ్మీ అన్నాడట. వీడు ఎత్తు మీదికి బంకు దాకా సాయం పట్టాడు. బంకు చేరగానే ఆయన, ఏటీఎం దాకా పోయొస్త, బండి పట్టుకో అని పోయాడు. మళ్లీ రాలేదు. వీడు మాత్రం స్టాండ్ కూడా వేయకుండా, పడిపోతుందేమోనని రెండు చేతులతో స్కూటర్ పట్టుకుని నిలబడ్డాడు.

స్రవంతి ఇదంతా విని, "మరి ఆరోజు ఎందుకు ఒప్పుకున్నవ్ రా?" అని అడిగింది.

"నేనెక్కడ ఒప్పుకున్నక్కా?"

"కాయితంల ఉన్నది. మంది ముందట ఒప్పుకున్నడని."

"నేను చేసిందే చెప్పిన. బండి దొబ్బుకుంటొచ్చిన అన్న. ఇంతల ఎనకకెంచి ఎవడో వీపుల గుద్దిండు. మల్ల నన్ను మాట్లాడనియ్యనే లేదు."

స్రవంతి చెవికి అందులో వింతేమీ తోచలేదు. తోచింది ఒకటే. "పెద్దోల్ల ముందట గా మాట అనకు. దొబ్బుడు గిబ్బుడు. మోటుగ ఉంటది."

ఆమె అట్లా అనడానికి కారణం ఉంది. కాలేజీలో చేరిన మొదటి నెలలో ఆమె 'పోతున్న' అన్నా, 'గిదేంది' అన్నా హాస్టల్‌లో పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. వాళ్లది చెడ్డబుద్ధి కాదు, వాళ్లకు అంత సరదాగా ఉండేది. అప్పటినుంచి స్రవంతి తన మాటలను బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరుకోవడం నేర్చుకుంది. నేర్చుకున్నది పదిమందికి పంచాలన్న తాపత్రయం కూడా ఆమెకు ఎక్కువే.

అందుకని రోజూ సాయంత్రం బాలేష్‌ను ఎదురుగా కూర్చోబెట్టి తాను మేజిస్ట్రేటు అయ్యేది. సాలమ్మ మెంబరు అయ్యేది. మెంబరు మధ్యమధ్యలో లేచిపోయి కోళ్లను గంప కింద కమ్మి వచ్చేది.

"ఆ రోజు ఏం జరిగింది బాబూ?"

"బండి దొబ్బి..."

"ఊహూ."

"బండి... తీస్కొచ్చిన."

"తీసుకొచ్చాను."

"తీసుకొచ్చాను మేడం. ఒకాయన సహాయం అడిగితే బండిని బంకు వరకు నేనే తీసుకొచ్చాను మేడం."

"మంచిగుంది. మల్లొకసారి."

వాడు అప్పజెప్పేవాడు. తప్పు లేకుండా, ప్రాణం లేకుండా. స్రవంతి ఆ ప్రాణం లేకపోవడాన్ని వినయం అనుకుంది.

నిజానికి బాలేష్‌లో వేరే మార్పు ఒకటి వచ్చింది. అది సాలమ్మ చెబితే గాని తెలియలేదు. ఒకరోజు పక్కింటి ఓదెలు మక్కల బస్తా ఆటోలోకి ఎత్తలేక, "బాలేషూ, ఒక చెయ్యెయ్యి బిడ్డా," అని పిలిచాడు. బాలేష్ రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కదలలేదు. ఓదెలు నొచ్చుకుని తానే ఎత్తుకున్నాడు.

"గిట్ల ఉండెటోడు గాదు," అంది సాలమ్మ, ఈసారి నవ్వకుండా. "పిలువక ముందే ఉర్కెటోడు. గిప్పుడు పక్కింటోల్ల చెంబు గూడ ముడ్తలేడు. ముట్టుకుంటె దొంగ అంటరట."

మంగళవారం నాడు లాయరు అమూల్య ఫోన్ చేసింది. బోర్డు ముందర పిల్లల తరఫున ఫీజు లేకుండా వాదించే లాయరు ఆమె. పుట్టింది కాకినాడలో. మంచిది, మాట కూడా మెత్తగా ఉంటుంది.

"స్రవంతీ, బాబుతో ఒకసారి మాట్లాడించండి," అంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టారు. "బాబూ, ఆ రోజు వాళ్లు అడిగితే ఏమన్నావు నువ్వు?"

బాలేష్ నిటారుగా నిలబడ్డాడు. "బండి నేనే తీసుకొచ్చానని చెప్పాను మేడం. నిజమే చెప్పాను మేడం."

అమూల్య ఆ మాట దగ్గరే పట్టుకుంది. "అంటే ఒప్పుకున్నట్టే కదమ్మా అది. చూడండి, చేసుంటే చేశాననే చెప్పండి. ఇది చిన్న నేరం కిందికే వస్తుంది. మందలించి ఇంటికి పంపించేస్తారు, రేపటితో అయిపోతుంది. చెయ్యకపోతే మాత్రం చెయ్యలేదనే చెప్పాలి. అప్పుడు విచారణ నడుస్తుంది, వాయిదాలు పడతాయి. ఏదైనా నిజమే చెప్పండి. ఇంట్లో మాట్లాడుకోండి."

ఇంట్లో మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. దేవేందర్ మనసు రేపటితో అయిపోతుంది అన్న దగ్గరే ఆగిపోయింది. జీడిమెట్లలో మందుల కంపెనీలో పని ఆయనది. షిఫ్టు తప్పిన ప్రతిసారీ సూపర్‌వైజర్ ముఖం ఎట్లా మాడుతుందో ఆయనకే తెలుసు. బాలేష్ తల్లి కీసరలో చెల్లె పురుటికి పోయింది. ఆమె వచ్చేలోపల ఇదంతా ముగిసిపోతే చాలనుకుంటున్నాడు.

"ఒక్క మాట అనేస్తె అయిపాయె గద బిడ్డా," అన్నాడు. "తప్పైంది మేడం అను. మందలిస్తరట. నేను నిన్ను రోజు మందలిస్తలేనా? ఏమన్న అయితున్నదా నీకు?"

"నేను దొంగతనం చెయ్యలే నాయినా."

"చేసినవని నేనంటున్ననా? తప్పైందను అంటున్న. గంతే."

"తప్పైంది అంటె చేసిన అనే గద."

దేవేందర్ స్రవంతి వైపు చూశాడు. తప్పైంది అనే మాట ఈ ఇంట్లో ఎట్లాంటిదో స్రవంతికి తెలుసు. కండక్టర్ కసిరినా తప్పైంది, బ్యాంకులో క్యూ తప్పినా తప్పైంది. ఎదుటివాడు కాలు తొక్కినా మనమే అనే మాట అది. దానికి నేరం అని అర్థం లేదు, నన్ను వదిలెయ్యండి అని అర్థం. కాని బోర్డు ముందర అన్నప్పుడు దానికి ఒకటే అర్థం, నేరం ఒప్పుకున్నట్టు. అట్లా అన్నాడంటే బాలేష్ జన్మంతా తన చేతులను జేబుల్లో పెట్టుకుని తిరుగుతాడు.

"వాడు చెయ్యకపోతే అనొద్దన్నా," అంది. అన్నదే గాని, ఆమె మనసులో కూడా చిన్న ముల్లు ఉండనే ఉంది. ఏమీ చేయకుండా మంది ముందర ఎవరైనా ఎందుకు ఒప్పుకుంటారు?

బుధవారం పొద్దున్నే మేడ్చల్‌లో బస్సెక్కారు. కటింగ్ బాగా కుదిరింది. బాలేష్ తెల్లచొక్కా లోపలికి టక్ చేసుకుని, సగం బడిపంతులులాగా ఉన్నాడు. సాలమ్మ చీర కొంగున ఏదో ముడి కనిపిస్తే స్రవంతి విప్పించింది. నిమ్మకాయ.

"పోరని జేబుల పెట్టొద్దన్నవ్. నా కొంగున కట్టుకోవద్దని అనలే," అంది సాలమ్మ.

బోర్డు ఆఫీసు ముందర వరండాలో కుర్చీలు వేసి ఉన్నాయి. అమూల్య లోపల వేరే కేసులో ఉంది. దేవేందర్, బాలేష్ ఒక మూలకు కూర్చున్నారు. కాలేజీ సర్టిఫికెట్‌కు ఇంకో జిరాక్స్ కావాలంటే స్రవంతి బయటికి పోయింది. తిరిగి వచ్చేసరికి సాలమ్మ తన కుర్చీ మార్చి, ఎవరో పెద్దాయన పక్కన కూర్చుని ముచ్చట పెడుతోంది. తెల్ల పంచె, బుష్ షర్టు, ఒళ్లో గుడ్డసంచి. ఆయనకు సీసాలోంచి సల్ల కూడా పోసి ఇచ్చింది. ఆయన మజ్జిగ బాగుందమ్మా అని మీసం తుడుచుకున్నాడు.

"ఏం పని మీద అచ్చిండ్రయ్యా మీరు?"

"ఏముందమ్మా, ఎవడో కుర్రాడు నా స్కూటర్ దొబ్బాడు."

సాలమ్మ ముఖం వికసించింది. "మంచి పోరడు," అంది.

"మంచివాడేంటమ్మా?"

"మరి గీ కాలంల ఎవలు దొబ్బుతరయ్యా, గింత ఎండల. మా మనుమడు గూడ గట్లనే. ఎవలది ఆగినా దొబ్బుతడు. ఆటో గూడ దొబ్బుతడు. ఓపారి ట్రాక్టర్ దొబ్బిండు."

పెద్దాయన మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. "ట్రాక్టరా?"

"ఒక్కడే గాదు తీయ్. ఊరంత గల్సి దొబ్బిండ్రు. సర్పంచ్ గూడ ఒక చెయ్యేసిండు."

"సర్పంచి కూడానా. మరి పోలీసులేమీ అనలేదా?"

"ఏమంటరు? మొన్న వానలకు పోలీసోల్ల జీపు గూడ మావోల్లే దొబ్బిరి."

ఆయన సంచిని రెండు చేతులతో కడుపుకు హత్తుకున్నాడు. కుర్చీని కొంచెం అటువైపు జరుపుకున్నాడు. సాలమ్మ మాత్రం ఎంతో ప్రేమగా ఆయన వైపే చూస్తోంది.

జిరాక్స్ కాగితాలు చేతిలో పట్టుకుని స్రవంతి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆయన పట్టాభిరామయ్య అని తెలియడానికి ఒక క్షణం పట్టింది. ఆ తర్వాతిది తెలియడానికి ఇంకో క్షణం. ఇద్దరూ ఒకే మాట అంటున్నారు. ఇద్దరిదీ తెలుగే. ఒకరు మెచ్చుకుంటున్నారు, ఒకరు భయపడుతున్నారు.

బాలేష్ ఆ రోజు మంది ముందర అన్న మాట ఆమెకు గుర్తుకొచ్చింది. బండి దొబ్బుకుంటొచ్చిన. వాడు చెప్పింది తోసుకుంటూ వచ్చానని. ఈయన విన్నది ఎత్తుకొచ్చానని. ఆ మాటను తానే పది సాయంత్రాలు కూర్చుని వాని నోట్లోంచి కడిగి తీసేసి, దాని జాగాలో 'తీసుకొచ్చాను' అని పెట్టింది. అది ఏ ఊళ్లో విన్నా దొంగతనంలాగే ఉంటుంది.

"అవ్వా, ఇటు రా," అని సాలమ్మ రెక్క పట్టుకుని లేపింది. "ఆయనతోని మాట్లాడొద్దు. ఆయన మన కేసాయన."

"మంచోడే ఉన్నడు గద," అంది సాలమ్మ వెనక్కి చూస్తూ.

అప్పుడే తలుపు తెరుచుకుంది. బాలేష్ పేరు పిలిచారు. స్రవంతి ఒక్క అడుగులో వాని దగ్గరికి పోయింది. "బాలేష్, నేను నేర్పిందంత మర్చిపో. నీ తీరుగ చెప్పు. ఏ మాట నోటికొస్తె ఆ మాటనే చెప్పు."

"మోటుగ ఉంటది గదక్కా?"

"ఉండనీ."

ఆ సందులోనే, బయటికి వచ్చిన అమూల్య చెవిలో స్రవంతి రెండు ముక్కలు వేసింది. అమూల్య కనుబొమలు పైకి పోయాయి. "అయ్యో, తోశాడా," అంది అంతే. ఇంకేమీ అనే వేళ లేకుండా అందరూ లోపలికి పోయారు.

లోపల స్రవంతి చెప్పినట్టే ఉంది. బోను లేదు, సుత్తె లేదు. మేజిస్ట్రేటు మేడం గళ్ల చీర కట్టుకుని, ఫైల్ మూసి పక్కన పెట్టి, పిల్లవాని వైపు తిరిగి కూర్చుంది. సాలమ్మ కాళ్ల వైపు వంగబోతే స్రవంతి నడుము దగ్గర పట్టుకుని ఆపింది. అందరికీ కుర్చీలు చాలకపోతే గుమాస్తా తన బల్ల దగ్గరి చక్రాల కుర్చీ తెచ్చి దేవేందర్‌కు ఇచ్చాడు. దేవేందర్ అందులో అంచు మీద కూర్చున్నాడు.

"చెప్పు బాలేష్. ఆ రోజు ఏం జరిగింది?"

"నమస్కారం మేడం," అని బాలేష్ మొదలుపెట్టాడు. "ఆ రోజున నేను కాలేజీ నుంచి... ఒకాయన సహాయం..." అక్కడ ఆగిపోయాడు. పాత పాఠం సగం పోయింది, కొత్తది ఇంకా రాలేదు. చెవులు ఎర్రబడ్డాయి. పక్కనుంచి దేవేందర్, ఎవరికీ వినపడదనుకుని అందరికీ వినపడేటట్టు, "తప్పైందను బిడ్డా, తప్పైందను," అన్నాడు.

బాలేష్ నాయినను చూశాడు. తర్వాత మేడంను చూశాడు. "మేడం, నా తీరుగ చెప్పాల్నా?"

"నీ తీరుగనే చెప్పు."

"బండి దొబ్బిన మేడం. అన్న పెట్రోల్ అయిపోయింది తమ్మీ అన్నడు. ఆయన ముందట హ్యాండిల్ పట్టుకుండు, నేను ఎనకకెంచి దొబ్బిన. గా ఎత్తు మీద మస్తు బరువైంది. చెప్పులు జారుతున్నయని చెప్పులిడిసి దొబ్బిన. బంకుల ఆయన నన్ను పట్టుకొమ్మని పోయిండు. రాలే. గీ సారు వచ్చి అడిగిండు, నేనే దొబ్బిన సార్ అన్న. ఇగ గుద్దిండ్రు."

పట్టాభిరామయ్య కుర్చీలో ముందుకు వంగాడు. "చూశారా అండీ. అదే మాట. ఆ రోజు కూడా అక్షరం పొల్లుపోకుండా అదే మాట అన్నాడు."

"మాకు అర్థమైందండి," అంది మేడం. పెదవుల చివర నవ్వు ఆపుకుంటోంది. "మీకే అర్థమైందో లేదో అని చూస్తున్నాను. అమ్మా," అని సాలమ్మ వైపు తిరిగింది, "మీ ఊళ్లో దొబ్బుడంటే ఏంటిదో సారుకు జర చెప్తారా?"

సాలమ్మ ఇన్నాళ్లూ మెంబరుగా ఉన్నది ఊరికే పోలేదు. లేచి, కొంగు నడుముకు దోపుకుని, దేవేందర్ కూర్చున్న చక్రాల కుర్చీ వెనక్కి పోయి నిలబడింది. దేవేందర్‌కు ఏం జరగబోతుందో తెలిసేలోపలే ఒక్క తోపు తోసింది. ఆయన కుర్చీతో సహా గది సగం దాటిపోయి బీరువాకు తగిలి ఆగాడు.

"గిది దొబ్బుడు," అంది.

తర్వాత నడుచుకుంటూ పట్టాభిరామయ్య దగ్గరికి వచ్చి, ఆయన ఒళ్లోని గుడ్డసంచి లాక్కుని, చంకలో పెట్టుకుని, వెనక్కి చూడకుండా తలుపు దాకా పోయింది.

"గిది దొబ్బుకపోవుడు. రెండిటికి ఫరక్ ఉంటదయ్యా."

మెంబర్లు ఇద్దరూ నవ్వారు. గుమాస్తా గోడవైపు తిరిగాడు. సాలమ్మ సంచి తెచ్చి మళ్లీ ఆయన ఒళ్లో పెట్టి, ఎక్కడా నలగలేదు చూసుకో అన్నట్టు రెండుసార్లు తట్టింది.

పట్టాభిరామయ్య నవ్వలేదు. చాలాసేపు బాలేష్ చెవుల వైపే చూశాడు. "ఎవడు దొబ్బాడ్రా అని అడిగానండి నేను," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "నేనే సార్ అన్నాడు. నవ్వుతూ అన్నాడండి. అది చూసే నాకు ఒళ్లు మండింది. దొంగతనం చేసి నవ్వుతాడేంటి, ఎంత పొగరు అనుకున్నాను."

"మీరు థాంక్స్ చెప్తరనుకున్న సార్," అన్నాడు బాలేష్.



"నా స్కూటర్లో పెట్రోలు లేని మాట నిజమేనండి," అన్నాడు పట్టాభిరామయ్య మేడంతో. "కూరలు కొన్నాక కొట్టిద్దామనుకున్నాను. ఇంకోటి కూడా ఉంది. కుర్రాడి కాళ్లకు చెప్పుల్లేవు. అప్పుడు పట్టించుకోలేదు."

మేడం బాలేష్‌ను అడిగింది. "నువ్వు ఇంకేమన్నా చెప్పాలనుకుంటున్నావా?"

బాలేష్ ఆలోచించాడు. "తప్పైంది మేడం," అన్నాడు.

స్రవంతి కుర్చీలోంచి సగం లేచింది. దేవేందర్ బీరువా దగ్గరి నుంచే చేతులు జోడించాడు, అమ్మయ్య, అన్నాడు గదా అని.

"ఏం తప్పైంది?"

"గా అన్న పేరు అడగకుంట దొబ్బిన. బండి నీదేనా అని అడగాల్సింది. దొంగతనం మాత్రం నేను చెయ్యలే."

"అట్లనే రాసుకుంటాం," అంది మేడం.

అయితే బోర్డు వాళ్లు నవ్వారని కేసు అక్కడికక్కడే తెగలేదు. బంకులో కెమెరా ఉంటుంది, అందులో ఏముందో, బంకు పనివాళ్లు ఏం చూశారో తెప్పించమని అమూల్య అడిగింది. సరే అన్నారు. ఇంకో వాయిదా పడింది. దేవేందర్ మళ్లీ లీవు పెట్టాలి. బయటికి వచ్చాక తలపట్టుకున్నాడు గాని, ఆ తల పట్టుకోవడంలో మునుపటి బరువు లేదు.

తర్వాతి వాయిదాకు కెమెరా బొమ్మలు వచ్చాయి. అందులో ఒకడు ముందర హ్యాండిల్ పట్టుకుని వస్తున్నాడు, వెనక బాలేష్ నడుము వంచి తోస్తున్నాడు. ముందరివాడు రోడ్డు దాటి పోయాడు. వీడు ఎండలో స్కూటర్‌ను పసిపిల్లలాగా పట్టుకుని, మెడ సాచి సాచి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. చూసినవాళ్లకు ఇంకే సాక్ష్యమూ అవసరం లేకపోయింది. బాలేష్ మీద ఏ నేరమూ లేదని రాసి ఫైల్ కట్టేశారు. పట్టాభిరామయ్య ఆ రోజు కూడా వచ్చాడు, రావాల్సిన అవసరం లేకపోయినా. సాలమ్మ సల్ల సీసా బయటికి తీస్తే, ఈసారి గ్లాసు ఆయనే ముందుగా చాపాడు. పోయేటప్పుడు బాలేష్ భుజం మీద చెయ్యి వేసి, "థాంక్స్ బాబూ. ఆ రోజు చెప్పాల్సింది," అన్నాడు. బాలేష్ ఏమనాలో తెలియక, "పరవాలే సార్, పెట్రోల్ చూస్కోండ్రి," అన్నాడు.

స్రవంతి తన పద్ధతిలో ఒక మార్పు చేసుకుంది. ఇప్పుడు ఏ ఇంటికి పోయినా, పిల్లవాడు మొదటిసారి చెప్పేటప్పుడు మధ్యలో ఆపదు, దిద్దదు. మోటు మాట వస్తే దాని అర్థం అడుగుతుంది. తనకు తెలిసిన మాటే అయినా అడుగుతుంది.

ఫైల్ కట్టేసిన రోజు తిరుగు ప్రయాణంలో మేడ్చల్‌లో బస్సు దిగి, రావల్కోల్ పోవడానికి ఆటో కోసం చూస్తూ నిలబడ్డారు. స్రవంతి కూడా వాళ్లతోనే ఉంది. ఎదురుగా ఒక ట్రాలీ ఆటో గుర్రుగుర్రుమని ఆగిపోయింది. డ్రైవర్ దిగి, నాలుగు దిక్కులా చూసి, "తమ్మీ, జర దొబ్బరాదు," అన్నాడు.

బాలేష్ చేతులు జేబుల్లోకి పోయాయి. సాలమ్మ వాని వైపు చూడలేదు, కావాలనే ఎటో చూసింది. స్రవంతి కూడా నోరు మూసుకుంది. నాయిన మాత్రం, "పద లేటయితున్నది," అన్నాడు.

బాలేష్ ఒక చెయ్యి బయటికి తీశాడు. తర్వాత రెండోది. ఆటో దగ్గరికి పోయి, "అన్నా, నీ పేరేంది?" అన్నాడు.

"నాగసాయి. ఎందుకు?"

"బండి నీదేనా?"

"నాది గాకుంటె నీదా?"

"ఆర్సీ ఉన్నదా?"

డ్రైవర్ ముఖం చూడాల్సిందే. అయినా ఎండలో ఇంకో మనిషి దొరకడని, గొణుక్కుంటూ సీటు కింద నుంచి ప్లాస్టిక్ కవర్ తీసి చూపించాడు. బాలేష్ పేరు చదివి, బండి నంబరు చదివి, వెనక నంబర్ ప్లేటుతో సరిచూసి, అప్పుడు చెప్పులు విడిచి పక్కన పెట్టి నడుము వంచాడు.

మీరు ఎప్పుడైనా ఆ దిక్కు పోతే, మేడ్చల్ దాటాక మీ బండి ఆగిపోతే, ఒక పోరడు వచ్చి సాయం పట్టే ముందు మీ పేరు, మీ ఆర్సీ అడుగుతాడు. పోలీసోనివా అని కసురుకోకండి. వాని పేరు బాలేష్ అని గుర్తు పెట్టుకోండి. కాగితం చూపించండి. బండి స్టార్టయిన తర్వాత, ఊరికే చెయ్యి ఊపి పోకుండా, ఆగి థాంక్స్ చెప్పండి.